బోర్డు మీద ఎవరి పేరుంది?

ఆఫీసు లిఫ్టు తలుపు పక్కన అరచేతంత స్టిక్కరు. ఎర్రటి గుండ్రం, మధ్యలో సిగరెట్టు బొమ్మ, దాని మీద అడ్డగీత. కింద ‘నో స్మోకింగ్’ అని రెండు మాటలు. మన ఊళ్లలో చాలా భవనాల్లో కనిపించేది ఇంతే. దుకాణంలో కొని తెచ్చి అంటించేస్తే చట్టం చెప్పిన పని అయిపోయిందని యజమానులు అనుకుంటారు. నిజానికి అది సగం పని కూడా కాదు. బోర్డు ఎంత ఉండాలి, అడ్డగీత ఎంత మందం ఉండాలి, ఏం రాయాలి, భవనంలో ఎక్కడెక్కడ పెట్టాలి, ఎవరి పేరు కనబడాలి... ఇవన్నీ కేంద్ర ఆరోగ్య శాఖ 2008లోనే పూసగుచ్చినట్టు రాసిపెట్టింది.

బహిరంగ ప్రదేశంలో సిగరెట్ కాలిస్తే 200 రూపాయల వరకు జరిమానా అన్న సంగతి కొంత ప్రచారంలోకి వచ్చింది. కాల్చనిచ్చిన భవనం ఇన్‌ఛార్జికి కూడా జరిమానా ఉందన్న సంగతి అంతగా రాలేదు. పొగ మానమని పొగతాగేవాళ్లకు చెప్పే మాటలు మనకు బోలెడున్నాయి. గాలి శుభ్రంగా ఉంచే పూచీ ఎవరిదో ఈ నియమాలు చెప్పాయి. ఆ పూచీని గోడ మీద రాసి పెట్టే కాగితమే ఈ బోర్డు.

కొలతలతో సహా

మాతృచట్టం 2003లో వచ్చింది. దాని పూర్తి పేరు చాలా పొడవు కాబట్టి అధికారులు, వైద్యులు అందరూ ‘కోట్పా’ అనే పిలుస్తారు. ఆ చట్టం కింద 2008 మే 30న బహిరంగ ప్రదేశాల్లో ధూమపాన నిషేధ నియమాలు నోటిఫై అయ్యాయి. అదే ఏడాది అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడు, దేశమంతటా అమల్లోకి వచ్చాయి. బోర్డు లెక్కలన్నీ వీటి రెండో షెడ్యూలులో ఉన్నాయి.

బోర్డు కనీసం 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు ఉండాలి. అంటే దాదాపు రెండడుగులు, ఒక అడుగు. వెనక తెల్లరంగు. దాని మీద 15 సెంటీమీటర్లకు తగ్గని వృత్తం. ఆ వృత్తం చుట్టూ ఎర్ర అంచు మందం 3 సెంటీమీటర్లకు తగ్గకూడదు. మధ్యలో నల్లటి పొగ వదులుతున్న సిగరెట్టు గానీ బీడీ గానీ. బొమ్మను కొట్టేస్తున్నట్టుగా ఎర్ర పట్టీ. పట్టీ మందం అంచు మందంతో సమానంగా ఉండాలి. బొమ్మతో పాటు రాత కూడా తప్పనిసరి: ఇది పొగ తాగరాని ప్రదేశమని, ఇక్కడ పొగ తాగడం నేరమని, ఇంగ్లిషులో గానీ ఒక భారతీయ భాషలో గానీ ఉండాలి.

ఈ రాతలో రెండో ముక్కే కీలకం. బజారులో దొరికే చాలా స్టిక్కర్ల మీద ‘పొగ తాగరాదు’ అన్నంత వరకే ఉంటుంది. చదివినవాళ్లకు అదొక విన్నపంలా కనిపిస్తుంది. నేరం అన్న మాట కనబడితేనే దాని వెనక చట్టం ఉందని తెలుస్తుంది.

బీడీ బొమ్మను కూడా నియమంలో చేర్చడానికి గట్టి కారణమే ఉంది. 2016-17లో జరిగిన జాతీయ పొగాకు సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవాళ్లలో సిగరెట్ తాగేవాళ్లు 4 శాతం, బీడీ తాగేవాళ్లు 7.7 శాతం. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు ఇంటింటా ఆడవాళ్లు చుట్టే బీడీలు దేశం నలుమూలలకూ వెళ్తాయి. సిగరెట్టు బొమ్మ ఒక్కటే వేస్తే బస్టాండులో బీడీ ముట్టించే మనిషి ఆ బోర్డు తనకు కాదనుకునే వీలుంది. చట్టంలో అయితే ఆ తేడా లేదు. సిగరెట్టు, చుట్ట, బీడీ, పైపు, హుక్కా... ఏ రూపంలో పొగాకు కాల్చినా ధూమపానమే.

ఒక భవనంలో ఎన్ని బోర్డులు?

మెయిన్ రోడ్డు మీద మూడంతస్తుల కాంప్లెక్సు ఒకటి తీసుకుందాం. కింద మందుల షాపు, మొదటి అంతస్తులో పళ్ల డాక్టరు, రెండో అంతస్తులో కోచింగ్ సెంటరు, మూడో అంతస్తులో చిట్‌ఫండ్ ఆఫీసు. ముందు ఒక గేటు, వెనక పార్కింగ్ వైపు ఇంకోటి. ఒక లిఫ్టు, ఒక మెట్లదారి. ఇలాంటివి ప్రతి పట్టణంలో పదుల సంఖ్యలో ఉంటాయి.

నియమం ఏమంటుందంటే, ప్రవేశద్వారం దగ్గర బోర్డు ఉండాలి. ద్వారాలు ఎన్ని ఉంటే అన్నిచోట్లా ఉండాలి. లోపల అందరికీ కనబడే చోట కూడా పెట్టాలి. అంతస్తులు ఉంటే ప్రతి అంతస్తులోనూ, మెట్ల దగ్గర, లిఫ్టు ఎక్కే చోట పెట్టాలి. ఈ లెక్కన ఆ కాంప్లెక్సుకు రెండు గేట్ల దగ్గర రెండు, గ్రౌండ్ ఫ్లోరుతో కలిపి నాలుగు అంతస్తుల్లో మెట్లకీ లిఫ్టుకీ ఎనిమిది, మొత్తం పది. షాపు, క్లినిక్, కోచింగ్ సెంటరు, ఆఫీసు తమ తమ తలుపుల దగ్గర పెట్టుకోవాల్సినవి దీనికి అదనం. సాధారణంగా అక్కడ కనబడేది గేటు దగ్గర ఒకటి.

మెట్లను నియమం ప్రత్యేకంగా ప్రస్తావించడం ఊరికే జరగలేదు. కాంప్లెక్సుల్లో పొగ తాగేది ఎక్కువగా అక్కడే. లిఫ్టు ఉన్న భవనంలో మెట్లెక్కేవాళ్లు తక్కువ. రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య మలుపు దగ్గర చిన్న కిటికీ, కిటికీ చట్టం మీద బూడిద మరకలు, గోడకు సిగరెట్టు నలిపిన నల్లటి చుక్కలు. మంటలార్పడానికి ఇసుక పోసి తగిలించిన ఎర్ర బకెట్టులో ఇసుకకన్నా పీకలే ఎక్కువ. అక్కడి పొగ కిటికీలోంచి అంతా బయటికి పోదు. మెట్లదారి వెంట పైకి లేచి, తలుపు తెరిచినప్పుడల్లా కోచింగ్ సెంటరు వరండాలోకి, డాక్టరు కోసం ఎదురుచూసేవాళ్ల మధ్యకి చేరుతుంది.

అదే నియమంలో ఇంకో వాక్యం ఉంది. యాష్‌ట్రేలు, అగ్గిపెట్టెలు, లైటర్లు, పొగతాగడానికి వీలు కల్పించే మరే వస్తువునూ బహిరంగ ప్రదేశంలో సమకూర్చకూడదు. పీకలు వేసుకోవడానికని మెట్ల మలుపులో ఇసుక డబ్బా పెట్టించే మేనేజరు శుభ్రత కోసం చేశానని చెప్పవచ్చు. ఆ డబ్బా మాత్రం ఇక్కడ తాగవచ్చని అందరికీ చెబుతుంది.

ఎక్కడెక్కడ వర్తిస్తుంది?

2003 చట్టం బహిరంగ ప్రదేశాల జాబితాలో ఆడిటోరియంలు, ఆసుపత్రులు, రైల్వే వెయిటింగ్ రూములు, వినోద కేంద్రాలు, రెస్టారెంట్లు, ప్రభుత్వ కార్యాలయాలు, కోర్టులు, విద్యాసంస్థలు, గ్రంథాలయాలు, ప్రయాణ వాహనాలు ఉన్నాయి. ఆరుబయలు ప్రదేశాలకు మినహాయింపు ఇచ్చారు. 2008 నియమాలు ఈ పరిధిని బాగా పెంచాయి. పని ప్రదేశాలు, షాపింగ్ మాల్స్, సినిమా హాళ్లు చేర్చాయి. స్టేడియం, రైల్వే స్టేషను, బస్టాండు, బస్టాపు లాంటి జనం చేరే చోట్లకు పైన కప్పు లేకపోయినా ఆరుబయలు మినహాయింపు దక్కదని తేల్చాయి.

పని ప్రదేశాలు చేరడం చిన్న మార్పు కాదు. బయటి జనం అడుగు పెట్టని ప్రైవేటు ఆఫీసు, ఫ్యాక్టరీ షెడ్డు, గోడౌను, కాల్ సెంటరు అన్నీ చట్టం కిందికి వచ్చాయి. ఎండీగారి గది ఆయన సొంతమే కావచ్చు, అదీ పని ప్రదేశమే. రాత్రి పదకొండింటికి ఆఫీసులో ఎవరూ లేరు కదా అని కాల్చినా నియమం నియమమే. ఆ గాలినే తెల్లారి ఊడ్చడానికి వచ్చిన మనిషి పీలుస్తుంది.

రెస్టారెంటు అన్న మాటకు కూడా విస్తృతమైన అర్థం ఇచ్చారు. డబ్బులు తీసుకుని అక్కడే తినడానికో తాగడానికో వడ్డించే ఏ చోటైనా రెస్టారెంటే. క్యాంటీన్లు, కాఫీ హోటళ్లు, బార్లు, పబ్బులు, విందులు జరిగే హాళ్లు అన్నీ ఇందులోకే వస్తాయి. వాటి చుట్టూ ఉన్న ఖాళీ జాగా కూడా వస్తుంది. టీ హోటలు ముందు వేసిన బల్లల దగ్గర గ్లాసు ఒక చేత్తో, సిగరెట్టు ఒక చేత్తో పట్టుకుని నిలబడడం మనకు ఎంత మామూలు దృశ్యమైనా నియమం దాన్ని ఒప్పుకోదు.

కోర్టుల నుంచి చట్టం దాకా

ఈ దారి వేసింది కోర్టులు. 1999 జులై 12న కేరళ హైకోర్టు బహిరంగ ప్రదేశాల్లో పొగతాగడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కుకు భంగమని తీర్పు చెప్పింది. తాను ఎన్నడూ కాల్చని సిగరెట్టు వల్ల ఒక మనిషి జబ్బుపడితే అది వ్యక్తిగత అలవాటు కిందికి రాదన్నది ఆ తీర్పు సారాంశం. రెండేళ్ల తర్వాత ముంబై కాంగ్రెస్ నాయకుడు మురళీ దేవరా వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2001 నవంబరు 2న దేశమంతటికీ వర్తించే ఆదేశం ఇచ్చింది. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, గ్రంథాలయాలు, కోర్టులు, ప్రభుత్వ కార్యాలయాలు, రైళ్లతో సహా ప్రయాణ వాహనాల్లో ధూమపానం ఆపాలని చెప్పింది. పార్లమెంటు చట్టం 2003లో వచ్చింది, 2004 మే 1 నుంచి అమలైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు నియంత్రణ ఒప్పందాన్ని మన దేశం ఆమోదించింది కూడా 2004లోనే.

2008 నియమాలను హోటళ్ల సంఘాలు, సిగరెట్ కంపెనీలు అడ్డుకోబోయాయి. అన్బుమణి రాందాస్ అప్పుడు కేంద్ర ఆరోగ్య మంత్రి. అమలు తేదీకి మూడు రోజుల ముందు, సెప్టెంబరు 29న, స్టే ఇవ్వడానికి సుప్రీంకోర్టు నిరాకరించింది. అలా అక్టోబరు 2న నియమాలు అనుకున్నట్టే అమల్లోకి వచ్చాయి.

పక్కవాళ్ల ఊపిరితిత్తులు

సిగరెట్టు తాగేవాళ్లు పీల్చి వదిలే పొగ ఒకటి. పీల్చని సమయంలో కాలుతున్న కొస నుంచి నేరుగా గాలిలోకి లేచే పొగ ఇంకోటి. గదిలో చేరేదాంట్లో ఎక్కువ భాగం ఈ రెండోదే. ఫిల్టరు గుండా పోనిది, తక్కువ వేడి మీద సరిగా కాలనిది కాబట్టి దాంట్లో విషపదార్థాలు ఇంకా ఎక్కువ. పొగాకు పొగలో 7,000కు పైగా రసాయనాలున్నాయి. వాటిలో దాదాపు 70 క్యాన్సర్ కారకాలని తేలింది.

పక్కవాళ్ల పొగ వల్ల జబ్బు వస్తుందని గట్టిగా చూపిన తొలి అధ్యయనాల్లో జపాన్ శాస్త్రవేత్త హిరాయామాది ముఖ్యమైనది. 1981లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. తాము పొగతాగని 91,540 మంది భార్యలను ఏళ్ల తరబడి గమనిస్తే, భర్త ఎక్కువ సిగరెట్లు కాల్చే ఇళ్లలో భార్యలకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఎక్కువగా కనిపించింది. 2006లో అమెరికా సర్జన్ జనరల్ నివేదిక అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నిటినీ జల్లెడపట్టింది. ఇంట్లోనో పనిచేసే చోటో ఇతరుల పొగ పీల్చేవాళ్లకు గుండెజబ్బు ముప్పు 25 నుంచి 30 శాతం, ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు 20 నుంచి 30 శాతం పెరుగుతుందని లెక్క తేల్చింది. ఇంతవరకు పీలిస్తే ఫరవాలేదు అనదగ్గ మోతాదు లేదని కూడా చెప్పింది.

నిషేధం పనిచేస్తుందా అన్న ప్రశ్నకు అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో ప్యూబ్లో అనే ఊరు జవాబిచ్చింది. అక్కడ 2003లో పని ప్రదేశాల్లో, రెస్టారెంట్లలో, బార్లలో పొగ నిషేధించారు. మూడేళ్లలో గుండెపోటుతో ఆసుపత్రిలో చేరేవాళ్ల సంఖ్య 41 శాతం తగ్గింది. నిషేధం లేని చుట్టుపక్కల ప్రాంతాల్లో అలాంటి తగ్గుదల రాలేదు.

మన దగ్గర ఈ పొగ ఎక్కువగా పడేది ఎవరి మీద? కస్టమరు పది నిమిషాలు కూర్చుని లేచిపోతాడు. బార్లో వెయిటరు పది గంటలు నిలబడతాడు. మెట్ల కింద కుర్చీ వేసుకున్న వాచ్‌మన్, బాత్రూములు కడిగే ఆయమ్మ, ప్యాంట్రీలో టీ పెట్టే కుర్రాడు... వీళ్లెవరూ ‘సార్, ఇక్కడ కాల్చకండి’ అని పెద్దవాళ్లతో అనగలిగే స్థితిలో లేరు. వాళ్ల బదులు ఆ మాట అనడానికే బోర్డు.

పొగ గదికీ లెక్కలున్నాయి

చట్టం మూడు చోట్ల మాత్రం వెసులుబాటు ఇచ్చింది. 30 లేదా అంతకన్నా ఎక్కువ గదులున్న హోటళ్లు, కనీసం 30 మంది కూర్చునే రెస్టారెంట్లు, విమానాశ్రయాలు. ఇవి వేరే పొగ గది ఏర్పాటు చేసుకోవచ్చు. చేసి తీరాలని లేదు. ఇంతకన్నా చిన్న హోటలుకు, మిగతా ఏ ఆఫీసుకు, ఏ ఫ్యాక్టరీకీ ఆ వెసులుబాటు లేదు. కంపెనీ కట్టించిన ‘స్మోకింగ్ రూమ్’ ఎంత ఖరీదైనదైనా నియమాలకు విరుద్ధమే.

అనుమతి ఉన్నచోట కూడా గాజు తడికె అడ్డం పెడితే సరిపోదు. నాలుగు వైపులా కప్పు దాకా గోడలుండాలి. తలుపు తనంతట తాను మూసుకోవాలి. లోపలి గాలి నేరుగా బయటికి పోవాలి, భవనం ఏసీలో కలిసి తిరిగి రాకూడదు. గదిలో గాలి పీడనం బయటికన్నా తక్కువగా ఉండాలి, అప్పుడే తలుపు తెరిచినా పొగ బయటికి తన్నుకు రాదు. ప్రవేశద్వారం దగ్గర, బయటికి వెళ్లే దారి దగ్గర ఈ గది ఉండకూడదు.

ఇంత చేసినా పొగ పూర్తిగా ఆగదు. 2007లో బ్యాంకాక్‌లో సమావేశమైన పొగాకు నియంత్రణ ఒప్పంద సభ్యదేశాలు వెంటిలేషన్, ఫిల్టర్లు, విడి గదులు రక్షణ ఇవ్వలేవని మార్గదర్శకాల్లోనే రాశాయి. మన కేంద్ర ప్రభుత్వం 2020 చివర్లో తెచ్చిన సవరణ బిల్లు ముసాయిదాలో ఈ గదులను తీసేయాలని, బహిరంగ ధూమపానానికి జరిమానా 2,000 రూపాయలకు పెంచాలని ప్రతిపాదించారు. అది చట్టం కాలేదు.

ఈ వెసులుబాటులోంచే హుక్కా కేంద్రాలు పుట్టుకొచ్చాయి. పొగ గదిలో హుక్కా వడ్డించవచ్చా అన్న వివాదం 2014లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2017 మేలో కేంద్రం నియమాలను సవరించి, పొగ గదిలో తినేవీ తాగేవీ గానీ, పొగతాగే పరికరాలు గానీ, ఏ సేవా అందించకూడదని స్పష్టం చేసింది. తెలంగాణ ఇంకో అడుగు వేసింది. 2024 ఫిబ్రవరి 12న శాసనసభ కోట్పాకు రాష్ట్ర సవరణ బిల్లు ఆమోదించి హుక్కా పార్లర్లను నిషేధించింది. కర్ణాటక కూడా హుక్కా బార్లను నిషేధించి, బహిరంగ ప్రదేశంలో పొగతాగితే జరిమానాను 200 నుంచి 1,000 రూపాయలకు పెంచింది, పొగాకు కొనే కనీస వయసును 21 ఏళ్లు చేసింది.

జరిమానా ఎవరు వేస్తారు?

పోలీసులు వచ్చి పట్టుకుంటేనే జరిమానా అనుకుంటాం. నియమాల మూడో షెడ్యూలులో పేర్కొన్న అధికారుల జాబితా చూస్తే ఆ అపోహ పోతుంది. ఎస్సై, ఆపై పోలీసు అధికారులు ఉన్నారు. వాళ్లతో పాటు ప్రభుత్వ గెజిటెడ్ అధికారులు, రైల్వే స్టేషన్ మాస్టర్లు, పోస్టు మాస్టర్లు, ఆసుపత్రుల మెడికల్ సూపరింటెండెంట్లు, బడి హెడ్మాస్టర్లు, టీచర్లు, కాలేజీ ప్రిన్సిపాళ్లు, లైబ్రేరియన్లు, విమానాశ్రయ మేనేజర్లు, ప్రైవేటు ఆఫీసుల్లో హెచ్‌ఆర్ మేనేజర్లు కూడా ఉన్నారు. తమ తమ ఆవరణలో వీళ్లు చలానా రాయవచ్చు. జిల్లా గ్రంథాలయంలో లైబ్రేరియన్‌కు ఉన్న ఈ అధికారం ఆయనకే తెలియకపోతే ఆ షెడ్యూలు ఉండీ లేనట్టే.

యజమాని సంగతి మూడో నియమంలో ఉంది. యజమాని, మేనేజరు, సూపర్‌వైజరు, లేదా ఆ చోటికి ఇన్‌ఛార్జి ఎవరైతే వాళ్లు అక్కడ ఎవరూ పొగ తాగకుండా చూడాలి. ఎవరైనా తాగుతుంటే ఎవరికి ఫిర్యాదు చేయాలో ఆ మనిషి పేరు అందరికీ కనబడేలా ప్రకటించాలి. ఫిర్యాదు వచ్చాక కూడా పట్టించుకోకపోతే ఎన్ని ఉల్లంఘనలు జరిగితే అన్ని జరిమానాలు ఆ ఇన్‌ఛార్జే కట్టాలి. పదిమంది కాల్చారని చెప్పినా కదలని మేనేజరు మీద పడేది ఒక జరిమానా కాదు, పది.

అందుకే బోర్డు దగ్గర ఆ పేరు ఉండడం అంత ముఖ్యం. చక్కగా చేయించిన బోర్డుల్లో అడుగున పేరు, హోదా, ఫోను నంబరు రాయడానికి చోటు వదులుతారు. ఏళ్లు గడిచినా చాలాచోట్ల ఆ చోటు ఖాళీగానే ఉంటుంది, లేదా ఎప్పుడో బదిలీ అయిపోయిన అధికారి పేరు ఉంటుంది. పేరు లేని బోర్డు పొగ తాగేవాళ్లకు మాత్రమే చెబుతుంది. పేరున్న బోర్డు పొగ పీల్చలేక ఇబ్బంది పడేవాళ్లకు దారి చూపిస్తుంది.

ఇంట్లో తగ్గింది, ఆఫీసులో తగ్గలేదు

పెద్దవాళ్లలో పొగాకు వాడకం మీద మన దేశంలో రెండు భారీ సర్వేలు జరిగాయి. ఒకటి 2009-10లో, రెండోది 2016-17లో. ఆ మధ్య కాలంలో ఇంట్లో ఇతరుల పొగ పీల్చేవాళ్లు 52.3 శాతం నుంచి 38.7 శాతానికి తగ్గారు. ఇంటికి చట్టం లేదు, బోర్డు లేదు, జరిమానా లేదు. పిల్లల ముందు వద్దని ఇంట్లోవాళ్లు అడిగారు, పెద్దలు వాకిట్లోకి వెళ్లడం నేర్చుకున్నారు.

నాలుగు గోడల మధ్య పనిచేసేవాళ్లలో పని ప్రదేశంలో పొగ పీల్చాల్సి వస్తున్నవాళ్లు మొదటి సర్వేలో 29.9 శాతం, రెండో సర్వేలో 30.2 శాతం. ఏడేళ్లలో ఒక్క అడుగు కూడా ముందుకు పడలేదు. చట్టం, బోర్డు, జరిమానా మూడూ ఉన్నచోటే మార్పు రాలేదు. అడిగే మనిషి ఇంట్లో ఉన్నాడు, ఆఫీసులో లేడు.

అడిగినచోట మార్పు వచ్చింది. చండీగఢ్ 2007 జులై 15న దేశంలో తొలి పొగరహిత నగరంగా ప్రకటించుకుంది. 2008 నియమాలు రాకముందే, 2003 చట్టంతోనే అది సాధ్యమైంది. బర్నింగ్ బ్రెయిన్ సొసైటీ అనే సంస్థ సమాచార హక్కు దరఖాస్తులతో ప్రభుత్వ కార్యాలయాలను వెంటాడి, చట్టం ఎక్కడ అమలవుతోంది, ఎక్కడ లేదు అని అడిగింది. జవాబు రాయాల్సి వచ్చేసరికి శాఖలు కదిలాయి. 2013లో హిమాచల్ ప్రదేశ్ రాష్ట్రమంతటినీ పొగరహితంగా ప్రకటించింది.

ఇంగ్లండ్‌లో 2007 జులై 1న పని ప్రదేశాల్లో నిషేధం వచ్చినప్పుడు అక్కడి బోర్డుకూ మన బోర్డులాగే ఖచ్చితమైన కొలతలు, మాటలు నిర్ణయించారు. 2012లో ఆ కొలతలు సడలించి, కనబడేలా ఒక బోర్డు ఉంటే చాలన్నారు. అప్పటికి నిషేధం జనం అలవాటులో కలిసిపోయింది. మనం ఇంకా ఆ దశకు చేరలేదు. మనకు పూర్తి కొలతల బోర్డు, ప్రతి అంతస్తులోనూ కావాలి.

బడి దగ్గర ఇంకో బోర్డు

విద్యాసంస్థలకు దీంతో పాటు మరో బోర్డు తప్పనిసరి. ప్రహరీ నుంచి చుట్టూ 100 గజాల లోపు, అంటే సుమారు 91 మీటర్లు, సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తులు అమ్మడం నేరమని ఆ బోర్డు చెప్పాలి. పొగాకు అమ్మే దుకాణాల్లో 18 ఏళ్లలోపు వాళ్లకు అమ్మడం నేరమని రాసిన బోర్డు ఉండాలి. ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటనలను 2019లో వచ్చిన వేరే చట్టం దేశమంతటా నిషేధించింది. మొదటి తప్పుకే ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

పొగాకు మీద బతికే కుటుంబాలు మన రెండు రాష్ట్రాల్లోనూ లక్షల్లో ఉన్నాయి. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం గుంటూరులో ఉంది. ప్రకాశం జిల్లా రైతుకు పొగాకు వేలం కేంద్రం పండగకన్నా ముఖ్యమైన చోటు. బీడీ చుట్టే ఆడవాళ్ల కూలి, పింఛను తెలంగాణ గ్రామాల్లో పెద్ద విషయాలు. ఈ నియమాలు వాళ్లెవరి పనికీ అడ్డురావు. పొగాకు పండించవద్దని గానీ, పొగ తాగనేవద్దని గానీ ఇవి అనడం లేదు. నలుగురు కలిసి పీల్చే గాలిలో తాగవద్దని మాత్రమే అంటున్నాయి. ఇంత చిన్న కోరికను పదిహేనేళ్లు దాటినా నెరవేర్చలేకపోవడం మన కార్యాలయాల నిర్వాహకుల నిర్లక్ష్యమే.

రేపు పనికి వెళ్లినప్పుడు మీ భవనంలో ప్రతి అంతస్తులో మెట్ల దగ్గర, లిఫ్టు దగ్గర బోర్డు ఉందేమో చూడండి. ఇక్కడ పొగ తాగడం నేరమన్న మాట దాని మీద ఉందా, ఫిర్యాదు తీసుకునేవాళ్ల పేరుందా గమనించండి. లేకపోతే 2008 నియమాల్లో మూడో నియమాన్ని ప్రస్తావిస్తూ మేనేజరుకు రెండు లైన్ల ఉత్తరమో, ఈమెయిలో పెట్టండి. నోటిమాటగా చెప్తే మరిచిపోతారు, రాసి ఇస్తే జవాబు చెప్పాలి. మీరే ఇన్‌ఛార్జి అయితే మీ పేరు, నంబరు ఈ వారమే రాయించండి. మానేయాలనుకునే సహోద్యోగి ఉంటే 1800-11-2356 నంబరు ఇవ్వండి. అది జాతీయ పొగాకు క్విట్‌లైన్, కాల్ ఉచితం.